ఫిట్స్ వస్తే: విశాఖలో సరైన డాక్టరు దగ్గరికి చేరేదాకా ఏం చేయాలి

మా తమ్ముడికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు 19 ఏళ్లు. గాజువాకలో మా పెరట్లో పళ్లు తోముకుంటూ కుప్పకూలాడు. అమ్మ ఇనప తాళంచెవులు తెచ్చి వాడి గుప్పిట్లో కుక్కింది. పక్కింటి పిన్నిగారు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఇంకెవరో చెంచా నోట్లో దూర్చబోయారు. "గాలి సోకినట్టుంది బావూ" అన్నాడొక పెద్దాయన. ఆసుపత్రికి చేరాక డాక్టరు అడిగినవి రెండే ప్రశ్నలు: ఎంతసేపు కొట్టుకున్నాడు, మొదట ఏ వైపు మొదలైంది? పదిమందిమి చుట్టూ నిలబడి చూశాం. ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. వచ్చినవాడికి చాలాసార్లు తనకేం జరిగిందో గుర్తుండదు. డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. చూసేది ఇంట్లోవాళ్లే. స్కానింగులూ రక్తపరీక్షలూ ఎన్ని ఉన్నా, జబ్బు పేరు చాలావరకు తేలేది చూసినవాళ్ల మాట మీదే. అందుకే ఈ రాతంతా రోగికంటే ఎక్కువగా పక్కనుండేవాళ్ల కోసం.

ముందు ఆ రెండు నిమిషాలు

గడియారం చూడండి. చేతికి వాచీ లేకపోతే ఫోనులో టైము చూసి గుర్తుపెట్టుకోండి. మనకు అరగంటలా అనిపించేది చాలాసార్లు రెండు నిమిషాలే ఉంటుంది. అందుకే అంచనా పనికిరాదు, టైమే కావాలి.

చుట్టుపక్కల గ్యాసు స్టవ్వు, బల్ల అంచు, రాయి లాంటివి ఉంటే పక్కకు జరపండి. తల కింద మడిచిన తువ్వాలో, చొక్కానో పెట్టండి. మెడ దగ్గర బొత్తాలు విప్పండి, కళ్లజోడు తీసేయండి. కొట్టుకోవడం కాస్త తగ్గగానే మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నురగ, లాలాజలం బయటికి కారిపోవాలి, గొంతులోకి పోకూడదు.

చెయ్యకూడనివి మన ఊళ్లో ఎక్కువ. చేతులు కాళ్లు బిగపట్టి పట్టుకోవద్దు, కీళ్లు తప్పుతాయి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేస్తారనేది అబద్ధం. పళ్లు విరుగుతాయి, మీ వేలు తెగుతుంది, అంతే. నీళ్లు పోయొద్దు, మాత్ర వేయొద్దు. ఇక ఇనుము, ఉల్లిపాయ సంగతి. మామూలు ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. తాళాలు తెచ్చేసరికే రెండు నిమిషాలు అవుతుంది, ఆగిపోతుంది, పేరు తాళాలకొస్తుంది. ఆ నమ్మకం అంత గట్టిగా నిలవడానికి కారణం ఇదే అనుకుంటా. అమ్మతో వాదించడం మానేశాను. "తాళాలు పట్టుకో, కానీ ముందు టైము చూడు" అన్నాను. ఇప్పుడు రెండూ చేస్తుంది.

5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఒకటి ఆగి తెలివి రాకుండానే రెండోది మొదలైనా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, షుగరు ఉన్న మనిషైనా, జీవితంలో మొదటిసారి వచ్చినా 5 నిమిషాల దాకా ఆగొద్దు. ఒకసారి వచ్చి ఉన్నవాళ్లకు ఇంట్లో ఉంచుకునే మిడజోలం ముక్కు స్ప్రే ఉంటుంది. డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. ఎన్ని నిమిషాలకు, ఎన్ని పఫ్‌లు కొట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆ కంగారులో ఎవరికీ గుర్తుండదు.

ఆగాక మనిషి గందరగోళంగా చూస్తాడు, నిద్రపోతాడు. పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే కూర్చోండి. కాఫీ, మజ్జిగ అంతా తర్వాతే.

వచ్చింది ఫిట్సేనా?

మెదడులో కోట్ల నాడీకణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటూ ఉంటాయి. వాటిలో ఒక గుంపు ఒక్కసారిగా, ఒకే తాళంలో మోగడం మొదలుపెడితే ఫిట్స్. ఒకసారి వచ్చినంత మాత్రాన మూర్ఛవ్యాధి ఉన్నట్టు కాదు. జ్వరం, షుగరు పడిపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మందు మానేయడం లాంటి వాటికీ రావచ్చు. అలాంటి కారణమేమీ లేకుండా, 24 గంటలకు మించిన తేడాతో కనీసం రెండుసార్లు వస్తే మూర్ఛవ్యాధి అంటారు. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే అప్పుడూ అంటారు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందనీ, సరిగ్గా గుర్తించి వైద్యం చేస్తే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ రాకుండా బతకగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

కళ్లు తిరిగి పడిపోవడం వేరు. మే నెల ఎండలో రేషను వరసలో నిలబడ్డ మనిషి మొహం పాలిపోయి, చెమటపట్టి, మెత్తగా కూలి, పడుకోబెట్టిన నిమిషంలోపే లేచి మాట్లాడితే అది ఎక్కువగా సొమ్మసిల్లడమే. అప్పుడు కూడా కొన్ని క్షణాలు చేతులు అదరవచ్చు. ఫిట్స్‌లో ఒళ్లు కట్టెలా బిగుసుకుంటుంది, తర్వాత కొట్టుకుంటుంది, నాలుక పక్క భాగం కొరుక్కుంటారు, లేచాక చాలాసేపు మనిషి మనిషిలా ఉండడు.

కింద పడి కొట్టుకోని ఫిట్స్ కూడా ఉంటాయి. మనవాళ్లు పోల్చుకోలేనివి ఇవే. బళ్లో పిల్ల పదిసెకన్లు శూన్యంలోకి చూసి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. "పరధ్యానం" అని టీచరు తిడతారు. పెద్దాయన ఉన్నట్టుండి కడుపులోంచి ఏదో పైకి ఎక్కుతున్నట్టుందంటాడు, పెదాలు చప్పరిస్తాడు, చొక్కా అంచు నలుపుతూ ఉంటాడు, పిలిస్తే పలకడు. నెలల పసికందు నిద్ర లేవగానే వరసగా, తల వంచి చేతులు ముందుకు చాచి ముడుచుకుపోతూ ఉంటే, కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టకుండా, వీడియో తీసి ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. అందులో ఆలస్యం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు గట్టి జ్వరంలో వచ్చే ఫిట్స్ మాత్రం చాలావరకు మూర్ఛవ్యాధి కాదు. అయినా డాక్టరు చూసి చెప్పాల్సిందే.

మా తమ్ముడి సంగతి ఇక్కడే పోయింది. పడిపోవడానికి ఏడాది ముందునుంచే పొద్దున్నపూట వాడి చేతిలోంచి బ్రష్షు ఎగిరిపడేది, టీ గ్లాసు జారేది. "రాత్రంతా ఫోను, పొద్దున్నే గ్లాసులు పగలగొట్టడం" అని తిట్టేవాళ్లం. ఆ అదురు కూడా ఫిట్సే అని మాకు తెలీదు, కాబట్టి మొదట చూసిన డాక్టరుకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆయన రాసిన మాత్ర వేసుకుంటుంటే అదురు ఇంకా పెరిగింది. కుర్రవయసులో, పొద్దున్నపూట చేతులు అదిరే ఆ రకం మూర్ఛకు కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు పడకపోవచ్చు. వేరే రకాలకు అవే చక్కగా పనిచేస్తాయి. ఏడాది తర్వాత ఇంకొక నరాల డాక్టరు "పొద్దున్నే చేతిలో వస్తువులు పడిపోతుంటాయా?" అని అడిగాక గానీ ముడి విడలేదు.

పుస్తకం, వీడియో

పది రూపాయల నోటుపుస్తకం ఒకటి దీనికే కేటాయించండి. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, ఎన్ని నిమిషాలు, అప్పుడు ఏం చేస్తున్నాడు, ముందురోజు నిద్ర ఎంత, మాత్ర మరిచిపోయాడా, జ్వరం ఉందా రాయండి. ఆడవాళ్లకైతే నెలసరి తేదీలు కూడా. కళ్లు తెరిచి ఉన్నాయా, తల ఏ వైపు తిరిగింది, ఏ చెయ్యి ముందు, నాలుక తెగిందా, ఉచ్చ పోసుకున్నాడా, ఎంతసేపటికి పేరు చెప్పగలిగాడు అన్నవి గుర్తున్నంతవరకు.

పక్కన ఇంకొకరుంటే వాళ్లను వీడియో తీయమనండి. మొహం, రెండు చేతులు, కాళ్లు కనిపించేలా, ఆగేదాకా తీయాలి. మధ్యలో పేరు పెట్టి పిలిచి, పలుకుతున్నాడో లేదో అందులో వినబడనివ్వండి. జనం తప్పుపడతారని భయపడకండి. కాకపోతే అది డాక్టరుకే, కుటుంబం వాట్సాప్ గ్రూపుకు కాదు.

ఎవరి దగ్గరికి?

విశాఖలో బోర్డు మీద "న్యూరో" అని కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లిపోతాం. న్యూరాలజిస్టు మందులతో చూసే నరాల వైద్యుడు. ఎండీ తర్వాత డీఎం న్యూరాలజీ లేదా డీఎన్‌బీ చేసి ఉంటారు. ఎంసీహెచ్ అని ఉంటే న్యూరోసర్జన్, ఆపరేషన్ చేసే ఆయన. సైకియాట్రిస్టు మనసు డాక్టరు. ఫిట్స్‌కు ముందు చేరాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. చిన్నపిల్లలకైతే పిల్లల న్యూరాలజిస్టు. వాళ్లు తక్కువమంది ఉంటారు కాబట్టి ముందే ఫోన్ చేసి ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో భారతీయ వైద్యుల రిజిస్టరు ఉంది. పేరు కొట్టి డిగ్రీ చూసుకోవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, బంగారం కొన్నా హాల్‌మార్కు చూస్తాం కదా.

ఎక్కడికి?

ఖర్చు భరించలేమనుకుంటే మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది, ఆ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి ఇదే. న్యూరాలజీ విభాగం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపునుంచి వచ్చేవాళ్లంతా ఇక్కడికే వస్తారు కాబట్టి రద్దీ మామూలుగా ఉండదు. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి జగదాంబ వైపు ఆటో ఎక్కి ఓపీ గేటు దగ్గర దింపమనండి. పొద్దున్నే వెళ్లండి. ఓపీ చీటీ రాయించేటప్పుడు "న్యూరాలజీ" అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే జనరల్ మెడిసిన్ వరసలో నిలబడి, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకో వరసకు వెళ్లాలి. ఆ విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందురోజే ఎవరితోనైనా అడిగించుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది. ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజనులు ఆసుపత్రిలోని ఎస్టీ సెల్‌ను అడగాలి. భాష, దారి, అంబులెన్సు విషయాల్లో సాయపడటానికే అది ఉంది.

హనుమంతవాక దగ్గర హైవే పక్కనున్న విమ్స్ ఆసుపత్రి కూడా ప్రభుత్వానిదే. మధురవాడ, ఆనందపురం వైపు వాళ్లకు అదే దగ్గర. ప్రైవేటులో ఆరిలోవ హెల్త్ సిటీ, రామ్‌నగర్ పెద్ద ఆసుపత్రులకు పెట్టింది పేరు. విడి క్లినిక్కులూ, పరీక్షా కేంద్రాలూ మహారాణిపేట, డాబాగార్డెన్స్ చుట్టూ ఎక్కువ. స్టీల్‌ప్లాంటు, రైల్వే, నేవీ, ఈఎస్ఐ వాళ్లకు సొంత ఆసుపత్రులున్నాయి. అక్కడ రాయించుకున్న రెఫరల్ కాగితం లేకుండా బయట చూపించుకుంటే డబ్బు వెనక్కి రావడం కష్టం, ముందు ఆ కాగితం తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ (జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే) ఏ చికిత్సకు, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో 104కు ఫోన్ చేస్తే చెబుతారు. లేదా ఆసుపత్రి గుమ్మంలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి.

తీసుకెళ్లాల్సినవి: ఆ నోటుపుస్తకం, వీడియో ఉన్న ఫోను, పాత చీటీలు, స్కాన్ ఫిల్ములు (రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు), ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు. "తెల్ల మాత్ర, రోజుకు రెండు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అన్నిటికంటే ముఖ్యం, కళ్లారా చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. హాస్టల్లో వచ్చి ఉంటే గదిలో పక్కనున్న కుర్రాడికి అక్కడి నుంచే ఫోన్ కలిపి డాక్టరుతో మాట్లాడించండి.

పరీక్షలు

ఈఈజీ అంటే తలకు తీగలు అంటించి మెదడు సంకేతాలను గీతలుగా తీయడం. కరెంటు పెట్టరు, నొప్పి ఉండదు. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లాలి. మనవాళ్లు అక్కడికి కూడా కొబ్బరినూనె దట్టించుకుని వెళ్తారు, తీగలు నిలవక వెనక్కి పంపుతారు. అన్నం తినే వెళ్లండి. డాక్టరు చెప్పకుండా ఆ రోజు మాత్ర ఆపొద్దు. రాత్రి తక్కువ నిద్రపోయి రమ్మంటే, బండి మీద వెళ్లకుండా ఆటోలో వెళ్లండి.

ఈఈజీ మామూలుగా ఉందంటే మూర్ఛ లేదని కాదు. ఆ అరగంటలో మెదడు నెమ్మదిగా ఉందని మాత్రమే. "రిపోర్టు నార్మల్ వచ్చింది" అని మాత్రలు ఆపేసినవాళ్లను ఇద్దరిని చూశాను. ఎమ్మారై వేరు. మెదడులో మచ్చ, గడ్డ, పాత దెబ్బ ఏమైనా ఉందా చూపిస్తుంది. వీలైతే మూర్ఛ కోసం చేసే పద్ధతిలో తీయమని డాక్టరు చేతే చీటీ మీద రాయించండి.

మన దేశంలో స్కాన్‌లో తరచూ బయటపడేది బద్దెపురుగు పిల్ల. ఇది పందిమాంసం తిన్నవాళ్లకే వస్తుందనుకోవద్దు. శుద్ధ శాకాహారులకూ వస్తుంది. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం ద్వారా గుడ్లు మట్టిలో, నీళ్లలో, ఆకుకూరల మీద చేరతాయి. కడగని కొత్తిమీర, కడగని చేతుల ద్వారా మన లోపలికి వస్తాయి. దీనికి మందుంది. కానీ మెడికల్ షాపులో ఆల్బెండజోల్ కొని సొంతంగా మింగడం ప్రమాదం. పురుగు చచ్చేటప్పుడు మెదడులో వాపు వస్తుంది కాబట్టి స్టెరాయిడ్‌తో కలిపి, డాక్టరు కనిపెట్టుకుని ఉండగానే ఇస్తారు.

మాత్రలు

రోజూ అదే టైముకు. దీనికంటే పెద్ద రహస్యం లేదు. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతిది వేసుకునే టైము దగ్గరపడితే మాత్రం రెండూ కలిపి మింగొద్దు. మీ మందుకు పద్ధతేమిటో డాక్టరును ముందే అడిగి పుస్తకంలో రాసుకోండి. స్టాకు ఎప్పుడూ రెండు వారాలది మిగిలి ఉండాలి. హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, ఊరికి కరెంటు లేదు, దారి లేదు. తుపాను బులెటిన్ రాగానే మేమిప్పుడు కొవ్వొత్తుల కంటే ముందు మాత్రల అట్టలు లెక్కపెడతాం.

జనౌషధి షాపుల్లో చాలా మందులు చవగ్గా దొరుకుతాయి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. కానీ కంపెనీ పదేపదే మార్చకండి, మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పండి.

కొత్త మాత్ర మొదలైన వారాల్లో ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరును కలవాలి. లెవెటిరాసిటామ్‌తో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అది మనిషి పొగరు కాదు, చెబితే మందు మారుస్తారు. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు వాస్తాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి నొప్పికో విరేచనాలకో వెళ్లినప్పుడు "నాకు ఫిట్స్ మందులున్నాయి" అని ముందే చెప్పండి. ట్రమడాల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఫిట్స్‌ను రెచ్చగొట్టగలవు. కర్పూరం బిళ్లలు పసిపిల్లలకు అందనివ్వొద్దు, మింగితే ఫిట్స్ వస్తాయి.

రెండేళ్లపాటు ఒక్కటీ రాకపోతే తగ్గించడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. సొంతంగా, ఒక్కసారిగా మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. మా తమ్ముడి రకానికి ఏళ్ల తరబడి వాడాల్సిందేనన్నారు.

ఆడపిల్లలు, పెళ్లి

వాల్‌ప్రోయేట్ మంచి మందే, కానీ గర్భంలో ఉండగా వాడితే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. పిల్లల్ని కనే వయసున్న అమ్మాయికి ఆ మందు రాస్తే "వేరేది ఉందా డాక్టరుగారూ?" అని తప్పక అడగండి. గర్భం అని తెలియగానే భయపడి ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం. పెళ్లి కుదిరినప్పుడే వెళ్లి మందు మార్పు, ఫోలిక్ యాసిడ్ సంగతి మాట్లాడుకోవాలి. కొన్ని ఫిట్స్ మందులు గర్భనిరోధక మాత్రలను పనిచేయకుండా చేస్తాయి, అదీ అడగండి.

దాచి పెళ్లి చేస్తే అమ్మాయి అత్తారింట్లో దాక్కుని మాత్ర వేసుకోవాలి. మరిచిపోతుంది, ఫిట్స్ వస్తుంది, అప్పుడు అందరికీ తెలుస్తుంది. 1999లో చట్టం మారింది. అంతకుముందు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్లిని రద్దు చేయించుకోవచ్చనే మాట ఉండేది, దాన్ని తీసేశారు. చట్టం పక్కకు తప్పుకుంది, పెళ్లిళ్ల పేరయ్యలు ఇంకా తప్పుకోలేదు.

సముద్రం, బండి, నిద్ర

ఆర్కే బీచిలో ఇసుక మీద కూర్చోవచ్చు, నీళ్లలోకి ఒంటరిగా దిగొద్దు. రుషికొండ, యారాడ అలలు ఈత వచ్చినవాళ్లనే లాగేస్తాయి. ఫిషింగ్ హార్బరులో పనిచేసేవాళ్లు, పోర్టు క్రేన్లు, ఎత్తుల మీద వెల్డింగు, ఫార్మా కంపెనీల్లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు డాక్టరు చేత కాగితం రాయించుకుని పని మార్చమని అడగాలి. ఇంట్లో బాత్రూము గడియ పెట్టుకోవద్దు, టబ్బు కన్నా చెంబు స్నానం మేలు. డ్రైవింగు లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయొద్దు. మా తమ్ముడు బండి అమ్మేసినప్పుడు నాలుగు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు సిటీ బస్సులోనే తిరుగుతున్నాడు.

రెండు మందులకూ లొంగకపోతే

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే, మూడోది, నాలుగోది కలుపుతూ ఏళ్లు గడపొద్దు. మూర్ఛకే ప్రత్యేకమైన కేంద్రానికి పంపమని అడగండి. అక్కడ రోజుల తరబడి వీడియోతో కలిపి ఈఈజీ తీస్తారు. కొందరికి అసలు వస్తున్నది మూర్ఛ కాదని అక్కడే తేలుతుంది. మనసు ఒత్తిడి శరీరంలో అలా బయటపడుతుంది. అదీ నాటకం కాదు, దానికీ వైద్యం ఉంది. కొందరికి ఆపరేషన్‌తో ఫిట్స్ ఆగిపోతాయి. హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర ఇందుకు పేరున్నవి. శ్రీచిత్రలో మూర్ఛ ఆపరేషన్లు 1995 నుంచి చేస్తున్నారు. వెళ్లేముందు ఇక్కడి డాక్టరు చేత పూర్తి సారాంశం రాయించుకోండి. మీ పుస్తకం నకలు కూడా తీసుకెళ్లండి.

మా పుస్తకంలో చివరి రాత ఆషాఢ పౌర్ణమి మర్నాటిది. సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, రాత్రంతా నిద్ర లేదు, రాత్రి మాత్ర సంచిలోనే ఉండిపోయింది. పొద్దున ఆరున్నరకు, ఒకటిన్నర నిమిషం, రెండు చేతులూ ఒకేసారి మొదలు, ఇరవై నిమిషాలకు పేరు చెప్పాడు. అమ్మ చేతిరాత అది. ఈ ఏడాది కొండ కింద తొలిపావంచా (తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి తొమ్మిదింటికి ఇంటికొచ్చేశాడు.